పీకిన చోటల్లా పది

2024 జనవరి 7, ఆదివారం. ఆ రోజు సాయంత్రం సూరత్‌లో తాపీ నది ఒడ్డున, అడాజణ్‌లో పోంక్ తిన్నాం. లేత జొన్న కంకుల్ని నిప్పుల మీద కాల్చి దులిపిన పచ్చటి గింజలు, మన ఊచబియ్యమే. పైన నిమ్మకాయా మిరియాలూ వేసిన సన్న కారప్పూస చల్లి, పక్కన గ్లాసుడు మజ్జిగ ఇస్తారు. మా ఆవిడ ఛాయాదేవికి అప్పటికే చక్కెర జబ్బు ముదిరి, డాక్టరు చాలా వాటిని వద్దన్నాడు. పచ్చి జొన్నల మాట మాత్రం ఎత్తలేదు. ఆ మరుపును ఆవిడ దయగా తీసుకుని రెండు పొట్లాలు తింది.

తిరిగి వస్తూ ఉధ్నాలో సంపత్ దుకాణం దగ్గర ఆగాం. సంపత్ మా తెలుగువాడే, పద్మశాలీల ఇంటివాడు. తండ్రి మగ్గాల మీద పనిచేస్తే ఇతను అక్వేరియంల దుకాణం పెట్టాడు. నేను బ్యాంకులో రిటైరయ్యాక ఊరికే కూర్చుంటే పాడైపోతానని ఛాయ నా చేత ఉప్పునీటి తొట్టి పెట్టించింది. నాలుగడుగుల గాజు తొట్టి, రెండు నారింజ రంగు చేపలు, కొంత రాయి, ఆ రాయి మీద ఆవిడ ఏరి తెచ్చిన ఒక మెత్తటి కోరల్, పగడపు జాతి జీవి. బొటనవేలి గోరంత ఉన్నప్పుడు తెచ్చింది. అప్పటికి టిఫిను ప్లేటంత అయింది. కింద కాడ, పైన గొడుగు. తెరుచుకున్నప్పుడు గొడుగంతా సన్న వేళ్లతో నిండిపోయి నీటి వాలుకు ఊగుతుంది. ఛాయ దాన్ని గొడుగు అనే పిలిచేది.

ఆ ఆదివారం సంపత్ దగ్గర బొత్తాల్లాంటి పచ్చటి కోరల్ ఒకటి, చిన్న రాతిముక్క మీద అతుక్కున్నది, కొన్నాం. రాత్రి భోజనాలకు ముందు ఛాయ తొట్టి దగ్గర నుంచి పిలిచింది.

"ఏవండీ, ఇటు రండి. గాజు తాటిచెట్టు మొలిచింది."

రాతిముక్క పగుల్లో మెంతిగింజంత జీవి. గోధుమ రంగు కాడ, తలమీద సన్నటి మట్టలు. చూడడానికి బాగానే ఉంది.

"దీన్నెవరు పిలిచారు?" అన్నాను.

"పిలవకుండా వచ్చింది పాపం. ఉండనివ్వండి, తిండి అడుగుతుందా ఏమన్నానా."

ఉండనిచ్చాను. జూలైలో ఛాయ పోయింది. ఆ తర్వాత కూడా ఉండనిచ్చాను. ఉండనివ్వండి అన్న మనిషి లేకపోయాక ఆ మాట కాదనడానికి నాకు చెయ్యి రాలేదు. చలికాలం వచ్చేసరికి అవి పద్నాలుగు. ఒకటి గొడుగు కాడ పక్కనే మొలిచి, మట్టలతో దాన్ని తాకుతోంది. తాకిన వైపు గొడుగు ముడుచుకుపోయింది. సగం తెరుచుకుని సగం మూసుకుని, పక్షవాతం వచ్చిన ముఖంలా ఉంది.

ఇంక ఊరుకోలేదు. పాత పళ్ల బ్రష్ తీసుకుని పద్నాలుగింటినీ గీకి పారేశాను. నీళ్లు కాసేపు మసకబారి తేటపడ్డాయి. ఇంత చిన్న పనికి ఇన్నాళ్లు తాత్సారం చేశానేమిటని నన్ను నేను తిట్టుకున్నాను.

నెల తిరిగేసరికి నలభై ఒకటి.

ఫోను మీద ఫొటో తీసుకెళ్లి సంపత్‌కి చూపించాను. అతను వేళ్లతో దాన్ని పెద్దది చేసి చూసి, తల పట్టుకున్నాడు.

"అరె అంకుల్! గిది ఐప్టేసియా. ఆఫత్, పీడ. కోసినా బతుకుతది, నలిపినా బతుకుతది. తుకడా పడ్డకాడల్లా కొత్తది లేస్తది. మీరు దీన్ని ముట్టలేదు కదా?"

"లేదు," అన్నాను.

ముప్పై నాలుగేళ్లు బ్యాంకులో చేశాను. ఆ లేదు అన్నంత సులువుగా అబద్ధం ఎప్పుడూ ఆడలేదు.

"ముట్టకుండ్రి. కిరాయికొచ్చినోనిలెక్క, గెంటితే పోడు. సూదితోని సున్నం పెట్టాలె, ఒక్కొక్కదాని నోట్లె. చూనా అంకుల్, పాన్ గల్లాల దొరికేదే. నీళ్లల్ల పలచగ కలుపుండ్రి."

అలా మొదలైంది నా సాయంకాలపు వైద్యం. ఛాయ ఇన్సులిన్ సూదులు అలమారులో సగం డబ్బా మిగిలి ఉన్నాయి. తమలపాకు సున్నం పెరుగులా కలిపి వాటితో ఎక్కిద్దామంటే, వెంట్రుకంత సన్నటి ఆ సూది మొదటి చుక్కకే పూడుకుపోయింది. మందుల షాపులో లావు సూదులు కొన్నాను. షాపువాడు గుజరాతీలో ఎవరికి బాగాలేదని అడిగాడు. పురుగులకన్నాను. అతను ఇంకేమీ అడక్కుండా ఇచ్చాడు, మంచివాడు.

ఆ జీవికి కళ్లు లేవంటారు. కానీ సూది వస్తోందని దానికి ఎలాగో తెలుస్తుంది. నా చెయ్యి నీళ్లలోకి దిగీ దిగగానే సగం బొరియల్లోకి ముడుచుకుంటాయి. మిగతా వాటిలో ఒకదాని నోటికి సూది ఆనించి, ఊపిరి బిగబట్టి నొక్కితే తెల్లటి చుక్క పడుతుంది, అది నలిగి ముడుచుకుని చస్తుంది. లేదా గురి తప్పి చుక్క పక్కన పడుతుంది, అది బొరియలోకి జారిపోయి మర్నాడు పొద్దున్న నిగనిగలాడుతూ లేస్తుంది. ఒక పూటకి ఐదారింటికన్నా ఎక్కువ చంపితే సున్నం ఎక్కువై చేపలకు చేటు. చంపేవి ఐదు, పుట్టేవి ఏడు. కూడికలూ తీసివేతలూ తెలిసినవాణ్ణి, ఆ లెక్క నన్ను రోజూ ఓడించేది.

మా ఇంట్లో వంట చేసే ఎల్లవ్వ వంటగది గుమ్మంలో నిలబడి ఇదంతా చూసేది. ఆవిడది కూడా మగ్గాల కుటుంబమే, సిరిసిల్ల వైపు నుంచి వచ్చారు. ఊరి చివర ఉన్‌లో కొడుకు, కోడలు వినోదతో ఉంటుంది. రెండేళ్ల కిందటి దాకా జోల్వాలో ఒక కార్ఖానాలో రంగు వేయని పచ్చి బట్ట సరిచూసే పని చేసింది. బట్టను వెలుతురుకు పట్టి, ముడులూ తెగిన పోగులూ కనిపించిన చోటల్లా చిన్న చిమ్టాతో బట్ట చిరక్కుండా పీకెయ్యడం. ఒక్క ముడి మిగిలినా తాకా మొత్తం, అంటే ఆ చుట్ట చుట్టంతా, మళ్లీ ఆవిడ ముందుకే వచ్చి పడేదట. ఇరవై రెండేళ్లలో తన తాకా ఒక్కటీ వెనక్కి రాలేదని మా ఇంట్లో చేరిన రోజే చెప్పింది.

"ఏంది సారు, రోజూ గీ సూదులు? మనుషులకు గూడ గిన్ని ఎయ్యరు."

"ఏం చెయ్యను ఎల్లవ్వా. అమ్మ గొడుగు చచ్చిపోతుంది, వీటిని ఆపకపోతే."

"ఇయ్యాల ఎన్ని సంపినవు?"

"నాలుగు."

"మరి నిన్నటికంటె ఎక్కువనే కనవడ్తున్నయి." జొన్నరొట్టె కొట్టిన చేతులు దులుపుకుంటూ దగ్గరికి వచ్చి గాజు మీద ముక్కు ఆనించింది. "నీ కండ్లు ఆనుతలేవు సారు. గా రాయి సాటుకు సూడు, మంద ఉన్నది మంద."

ఉన్నది. నాకు కనిపించని చోట పాతిక.

సంపత్ ముంబై నుంచి నాలుగు ఎర్రచారల రొయ్యలు తెప్పించి ఇచ్చాడు. అవి వీటిని తింటాయట. రెండు మొదటి వారంలోనే కనబడకుండా పోయాయి. తక్కిన రెండూ నేను చేపలకు వేసిన మేత తిని, పగలంతా రాతి కింద దాక్కునేవి. వాటిని చూస్తే నాకు మా బ్రాంచిలో ఇద్దరు గుర్తొచ్చేవారు.

పోయిన జూలైలో ఛాయ సంవత్సరీకం వచ్చింది. కరీంనగర్‌లో మా తమ్ముడి ఇంట్లో పెట్టుకున్నాం. నవజీవన్ రైల్లో టికెట్ తీసుకుని, ఎల్లవ్వకు తాళం చెవి ఇచ్చాను. చేపలకు చిటికెడు మేత, తరిగినంత మంచినీళ్లు, ఇంకేమీ అక్కర్లేదన్నాను. వెళ్లేనాటికి గొడుగు చుట్టూ నూటికి పైగా ఉన్నాయి. గొడుగు వారం రోజులుగా తెరుచుకోలేదు. పిండం పెడుతున్నప్పుడు కూడా నా మనసు ఆ తొట్టి మీదే ఉంది. ఛాయ తెచ్చిన వాటిల్లో ప్రాణమున్నది అదొక్కటే. దాన్ని కూడా నా చేతుల్లోనే పోగొట్టుకుంటానేమోనని భయం.

వారం తర్వాత తిరిగొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా తొట్టి దగ్గరికి వెళ్లాను.

ఒక్కటి లేదు.

రాతి పగుళ్లు, చాటు, గొడుగు కాడ, ఎక్కడా లేదు. గొడుగు నిండా తెరుచుకుని వేళ్లు ఊపుతోంది. నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. రొయ్యలు! పనిదొంగలని తిట్టుకున్న ఆ రొయ్యలు! సంపత్‌కి ఫోను చేసి ఎంత పొగిడానో. "బోలా థా నా అంకుల్, చెప్పిన కదా," అన్నాడు అతను గర్వంగా. ఎల్లవ్వ ఛాయ్ తెచ్చిచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ వంటగదిలోకి పోయింది. నా సంబరం చూసి నవ్వుతోందనుకున్నాను.

పదకొండు రోజులు సుఖంగా నిద్రపోయాను. పన్నెండో రోజు పొద్దున్న కళ్లజోడు పెట్టుకుని చూస్తే, రాతి మీద గోధుమ రంగు చుక్కలు. ఆవాలు చల్లినట్టు. రాతి మీద, ఇసకలో, గాజు మీద, పంపు గొట్టం మీద. గొడుగు కాడ మీద చుట్టూ ఉంగరంలా. లెక్కపెట్టడం మొదలుపెట్టి మూడొందల దగ్గర మానేశాను.

రొట్టెలు చేస్తున్న ఎల్లవ్వ నా మూలుగు విని వచ్చింది.

"గివ్వి మల్ల ఎట్లొచ్చినయి సారు? నేను ఒక్కటి ఇడువకుంట పీకిన గదా?"

"ఏం చేశావు?"

"పీకిన. నువ్వు ఊరికి పోయినంక. మూడు పొద్దులు కూసున్న, నా చిమ్టాతోని. నూట ముప్పై ఆరు. ఏర్లు గూడ ఉంచలే." ఆ సంఖ్య చెప్పేటప్పుడు ఆవిడ ముఖం వెలిగింది. "అమ్మ దినానికి పోతివి. వచ్చేటాల్లకు అమ్మ గొడుగు సాఫుగుండాలె అనుకున్న. నువ్వు రొయ్యలంటివి, పోనీ తియ్, ఖుష్ ఉన్నడు గదా అని ఊకున్న."

కళ్లజోడు తీసేశాను.

"నిన్నెవరు పీకమన్నారు? ఇదేమన్నా నీ కార్ఖానా బట్టా, ముడి కనిపిస్తే పీకెయ్యడానికి? నలిగిన ప్రతి ముక్కా మళ్లీ మొలుస్తుంది! చదువులేని పని చేసి దాని ప్రాణం తీశావు!"

అంతకుముందు నేను ఆవిడ మీద గొంతెత్తలేదు. ఎల్లవ్వ చెయ్యి తుడుచుకుంది. తడి చెయ్యి, కొంగుకు చాలాసేపు తుడిచింది.

"రొట్టెలు డబ్బల ఉన్నయి. పప్పు ఎచ్చవెట్టుకో," అని చెప్పి వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

నాలుగు రోజుల్లో గొడుగు కాడ ఒకవైపు నల్లబడి, మైనంలా జారడం మొదలుపెట్టింది. సంపత్‌ని ఇంటికి పిలిచాను. అతను తొట్టిలోకి టార్చి వేసి, రాయి చుట్టూ అంతా చూశాడు.

"అంకుల్, సచ్ బోలూ? గీ రాయి మొత్తం పాయె. అంతా తీసి మేడ మీద పడెయ్యాలె."

"వానాకాలం సంపత్, ఎండెక్కడుంది ఆరబెట్టడానికి?"

"ఎండెందుకు? వాన సాలు. ఉప్పు లేని నీళ్లల్ల సస్తయి."

నెల రోజులుగా మేడ మీద బట్టలారనివ్వని ఆ వానను మొదటిసారి మంచిదనుకున్నాను.

"మరి గొడుగో?"

"కాడ పాయె. పైన టోపీ మాత్రం కోసి, కొత్త రాయి మీద వేరే టబ్బుల పెట్టాలె. అంటుకుంటే బతికినట్టు. దారంతోని కడ్తరేమో, కట్టకుండ్రి, కోసుకుపోతది. రబ్బరు గూడ వద్దు. ఊకె పెడితే నీళ్లకు కొట్టుకపోతది. ఏదో మెత్తటి జాలీ, వలలెక్కది ఉండాలె." అతను టార్చి ఆర్పాడు. "అస్లీ బాత్ చెప్పుండ్రి. గిన్ని ఒక్కపారి ఎట్లొచ్చినయి? ఎవరన్న గీకిన్రా?"

ఎల్లవ్వ పేరు నాలిక చివరిదాకా వచ్చింది. "మొదట గీకింది నేనే," అన్నాను. "నిరుడు. పళ్ల బ్రష్‌తో. నీకు లేదని చెప్పాను."

సంపత్ నవ్వలేదు. "దవాఖానల గూడ గట్లనే అంటరు అంకుల్, బీడీ తాగనని," అన్నాడు.

ఆ సాయంత్రమే సిటీ బస్సెక్కి ఉన్ వెళ్లాను. ఎల్లవ్వ వాళ్లది ఒకటే గది, ముందు చిన్న వరండా. గది నిండా పరిచిన చీర మీద వినోద చిన్న చిన్న రాళ్లు అతికిస్తోంది. ఎల్లవ్వ పక్కన కూర్చుని జిగురు గిన్నె అందిస్తోంది. నన్ను చూసి లేవలేదు.

"రా సారు. కూసో. సదువుకున్నోల్లు కూసునే కుర్సీ లేదు మా ఇంట్ల."

గుమ్మం దగ్గర నేల మీద కూర్చున్నాను. దారంతా తయారుచేసుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

"నీకంటే ముందే నేను చేశాను ఎల్లవ్వా ఆ పని."

"ఏ పని?"

"పీకే పని. నిరుడు పళ్ల బ్రష్‌తో గీకాను. పద్నాలుగు ఉంటే నలభై అయ్యాయి. అప్పుడు తెలిసింది ముట్టకూడదని."

ఎల్లవ్వ జిగురు గిన్నె కింద పెట్టింది. "మరి నాకు జెప్పకపోతివి?"

"సిగ్గేసింది."

"సిగ్గేసింది!" ఆవిడ కోడలి వైపు తిరిగింది. "ఇన్నవానే వినోదా? ఇంత పెద్ద బ్యాంకు నడిపిన సారుకు సిగ్గేసిందంట. రోజూ పక్కన నిలవడి ఎన్ని సంపినవు, ఎన్ని సంపినవు అని అడుగుతి. ఒక్కనాడన్న, ఎల్లవ్వా, వీటిని పీకద్దే అని ఒక్క మాట అనలే. అంటే నేను ముడ్తునా?"

"అంటే ముట్టవు," అన్నాను.

"ఇరవై రెండేండ్లు పనిజేసిన. ఒక్క తాకా ఎనకకు రాలే. సదువు లేదు గని పని రాదని ఎవడు అనలే. నువ్వన్నవు." నేను తల వంచుకున్నాను. వినోద రాయి అతికించడం ఆపి, ఇద్దరిలో ఎవరి వైపూ చూడకుండా చీర సర్దింది.

"తప్పు నాది ఎల్లవ్వా."

ఆవిడ ముక్కు తుడుచుకుంది. "గొడుగు ఎట్లున్నది?"

చెప్పాను. కోయాలన్నాను. దారం వద్దట, రబ్బరు వద్దట, మెత్తటి జాలీ ఏదో కావాలట, ఎక్కడ వెతకాలో తెలియడం లేదన్నాను.

అత్తాకోడళ్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వినోద తెలుగులో మొదలుపెట్టి హిందీలోకి జారింది. "అంకుల్, మొత్తం సూరత్‌లో మీకు నెట్ కపడా దొరకలేదా? సచ్ మే?" మూలన ఉన్న గుడ్డముక్కల మూట విప్పి, దుపట్టాలకు వాడే నెట్టు ముక్క తీసి నా ఒళ్లో పడేసింది. పొగమంచులా తేలిగ్గా ఉంది.

"రంగు పోతదా?" అని ఎల్లవ్వ అడిగింది.

"తెల్లదే కదా అత్తమ్మా, ఏం పోతది?"

మర్నాడు పొద్దున్నే ఎల్లవ్వ వచ్చింది. ఇద్దరం రబ్బరు తొడుగులు వేసుకున్నాం. కిటికీలు తెరిచాం. చిన్న గదిలో కొత్త ప్లాస్టిక్ టబ్బు, కొత్త ఉప్పునీళ్లు, చిన్న పంపు, పైన రాత్రి ఎనిమిదింటికి దానంతటదే ఆరిపోయే దీపం సిద్ధం చేశాను. రాయితో సహా గొడుగును బయటికి తీసి పళ్లెంలో పెడితే, అది గాలి తగలగానే ముడుచుకుని ముద్దయింది. కొత్త బ్లేడు పట్టుకున్నాను. గొడుగునే చూస్తూ కూర్చున్నాను.

"కొయ్యి సారు. సూస్తే ఏమొస్తది?"

కోశాను. అనుకున్నదానికంటే గట్టిగా ఉంది, లేత కొబ్బరి కోస్తున్నట్టు. జిగురు కారింది, చేపల సంత వాసన వేసింది. నల్లబడిన చోటికి రెండు వేళ్లు పైన కోశాను. కాడ రాతి మీదే మిగిలిపోయింది. నాలుగేళ్లలో పెరిగిన కాడ. దాన్ని రాతితో పాటు మేడ మీదికి నేనే మోసుకెళ్లి వానలో పెట్టి వచ్చాను. దిగి వచ్చేసరికి ఎల్లవ్వ టోపీని కొత్త రాతి మీద కూర్చోబెట్టి, పైన నెట్టు కప్పి, అంచుల్ని రాతి కిందికి మడిచి ముడి వేసి ఉంచింది. ముడి ఎంత వదులుగా వేసిందంటే కిందికి వేలు దూరుతుంది, కానీ రాయి తలకిందులు చేసినా జారదు.

ఆ తర్వాత పని ఏమీ లేదు, చూడడం తప్ప. మూడో రోజు టోపీ అంచు తెల్లబడింది. ఐదో రోజు వాసన వచ్చిందనిపించి, నీళ్లు సగం మార్చాను. ఎనిమిదో రోజు కరెంటు పోయి పంపు రెండు గంటలు ఆగింది. నేనూ ఎల్లవ్వా వంతులవారీగా గరిటెతో నీళ్లు కలిపాం. పదో రోజు నేను వంటగదిలోకి వచ్చి, "పోయింది ఎల్లవ్వా, అది పోయింది, నేనే చంపాను," అన్నాను. ఆవిడ పప్పులో తాలింపు వేస్తూ, "పోతే వాసనొస్తది. వస్తున్నదా?" అంది. లేదన్నాను. "మరి తిను," అంది.

పదహారో రోజు సాయంత్రం ఆవిడ ఇంటికి బయల్దేరేముందు, ఎనిమిదింటికి దీపం ఆరకముందే చూద్దామని ఇద్దరం గదిలోకి వెళ్లాం. నెట్టు మెల్లగా తీశాను. టోపీ కదల్లేదు. వేలు ఆనించి చూశాను. రాయిని పట్టుకుంది. అంచు మీద, తెల్లబడిన వైపే, బియ్యపు నూకంత వేళ్లు బయటికి వచ్చి ఉన్నాయి. ఏడో ఎనిమిదో. ఊగుతున్నాయి.

ఎల్లవ్వ వాటిని ఒక్కొక్కటే లెక్కపెట్టింది. తర్వాత ఆవిడ టబ్బు మూలకు వంగి, "సారూ," అంది, గొంతు తగ్గించి.

పంపు వెనక, ప్లాస్టిక్ గోడ మీద, గోధుమ రంగు చుక్క. చిన్న కాడ. నాలుగు మట్టలు.

"దీనమ్మ," అన్నాను. ఆ మాట నా నోట ఎల్లవ్వ ఎప్పుడూ వినలేదు. ఆవిడ నోరు మూసుకుని, భుజాలు ఊగేలా నవ్వింది. నవ్వుతూనే రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని కట్టుకుంది.

"నేను ముడ్తలే. సూడు, ముడ్తలే."

"రేపు పొద్దున్న సున్నం పెడతాను. ఒక్కటే కదా."

"ఒక్కటే," అంది ఆవిడ. "దూరంగనే ఉన్నది దానికి."

టక్కుమని దీపం ఆరింది. చీకట్లో పంపు చప్పుడు మాత్రం మిగిలింది. హాల్లో వెలుతురు టబ్బు మీద పడకుండా నేను అడ్డం నిలబడి, మెల్లగా గది బయటికి వచ్చాను. ఎల్లవ్వ చేతి సంచి చంకలో పెట్టుకుని, గడియ చప్పుడు కాకుండా ఒక చేత్తో పట్టుకుని, తలుపు దగ్గరికి వేసింది.